అచ్చులో మిగిలిన పెదవి

గ్రైండర్ ఇంకా తిరుగుతూనే ఉంది.

తలుపు తీయగానే మంజులతకు ముందు వినిపించింది ఆ చప్పుడే. లోపల చీకటి. కిటికీలకు నల్లటి పరదాలు, ఎముకలు కొరికే ఏసీ చలి, ఆ చలిలో వేయించిన కోకో గింజల చేదు వాసన. మిట్టమధ్యాహ్నం పూట ఆ గదిలో అడుగుపెడితే ఎంతటివాళ్ళకైనా గుండె ఝల్లుమంటుంది. మంజులతకూ ఝల్లుమంది. యాభై ఏళ్ళ మనిషి, బోరబండ కొండ మీద ఒంటరిగా బతుకుతున్న మనిషి, ప్రైవేట్ డిటెక్టివ్‌గా అబద్ధాలాడే వాళ్ళను పసిగట్టడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి. అయినా భయం భయమే కదా.

"లోపట ఎవ్వరు లేరు గదమ్మా? మరి గా గ్రైండర్ ఎవరికోసం తిరుగుతున్నది?" అని అడిగింది.

"ఆపకూడదండీ," అంది వెనకే వచ్చిన శారదాదేవి. "ఆపితే చాక్లెట్ గడ్డకట్టేసి రాళ్ళు పట్టేస్తాయి. శనివారం వేశాం. నిన్న సగం తీసి అచ్చుల్లో పోశాం. మిగతాది ఇలా తిరుగుతూనే ఉంది. ఆ పిల్ల పడిపోయినప్పుడూ తిరుగుతూనే ఉందండీ."

పడిపోయిన పిల్ల పేరు వందన. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు పని మీద హైదరాబాద్ వచ్చి శ్రీనగర్ కాలనీలో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగింది. ఊళ్ళో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. వచ్చిపోయే కుర్రకారుకు శని, ఆదివారాలు కాలక్షేపం కావాలి కదా. ఆ గెస్ట్‌హౌస్ వాళ్ళే జూబ్లీహిల్స్‌లో శారదాదేవి గారి క్లాసు గురించి చెప్పి పంపేవారు. చేత్తో చాక్లెట్ చేయడం నేర్పుతుంది. మొదటి రోజు గింజలు వేయించి, పొట్టు తీసి, గ్రైండర్లో వేయడం. రెండో రోజు అచ్చుల్లో పోయడం.

ఈసారి ముగ్గురు చేరారు. రెండో రోజు సాయంత్రం వందన తన చేత్తో చేసిన చాక్లెట్ తింది. కాసేపటికి వాంతులు మొదలై, కళ్ళు తేలేసి, ఇదే గదిలో నేల మీద పడింది. గన్నేరు పప్పు విషమన్నారు డాక్టర్లు. తిన్నది తక్కువ కాబట్టి ప్రాణం నిలిచింది, ఇంకాస్త తిని ఉంటే ఆస్పత్రి గుమ్మం కూడా తొక్కేది కాదన్నారు. ఇప్పుడు ఐసీయూలో ఉంది. కళ్ళు తెరవలేదు.

కళ్ళు తెరిస్తే ఏం జరిగిందో తనే చెబుతుంది. తెరవకపోతే శారదాదేవి గతి అధోగతి. ఇంటి ముందే పచ్చగన్నేరు చెట్టు ఉంది, చాక్లెట్ చేసింది ఈ ఇంట్లో, నేర్పింది ఈవిడ. సాయంత్రానికల్లా అరెస్టు చేస్తానని సీఐ చెప్పి వెళ్ళాడట. అందుకే ఆవిడ పొద్దున్నే మంజులతకు ఫోన్ చేసి ఏడ్చింది.

"జర లైటు వేయుండ్రి," అంది మంజులత.

లైటు వెలిగింది. మంజులత ఒక అడుగు వెనక్కి వేసింది.

గోడల నిండా ముఖాలే. ముసలివి, పడుచువి, మీసాలున్నవి, పళ్ళు బయటపెట్టినవి, అన్నీ తెల్లటి ప్లాస్టర్ ముఖాలు. ఒక్కదానికీ కళ్ళు లేవు. శారదాదేవి భర్త సినిమాలకు మాస్కులు చేసేవాడు. ఫిల్మ్‌నగర్ దారిన పోయే ప్రతి కంపెనీ కారూ ఒకప్పుడు ఈ గేటు ముందు ఆగేదట. ఆయన పోయాక ఆ పనిగదినే ఆవిడ చాక్లెట్ గది చేసుకుంది.

బల్ల మీద ప్లాస్టిక్ అచ్చుల ట్రేలు మూడు. నిమ్మకాయంత అచ్చులు, ఒక్కో ట్రేలో ఆరు. పక్కన అట్టపెట్టెల్లో చాక్లెట్లు వరసగా ఉన్నాయి. అన్నిటిదీ ఒకటే ముఖం. కళ్ళు మూసుకుని పడుకున్న ఒక అమ్మాయి ముఖం.

"ఎవరమ్మా ఈ పిల్ల?"

"నేనేనండీ," అంది శారదాదేవి. "పెళ్ళైన కొత్తలో. ఒక సినిమాలో హీరో చెల్లెలు చెరువులో పడి చచ్చిపోతుంది. ఆ శవం కోసం మా ఆయన నా ముఖానికే పూత పూసి అచ్చు తీశారు. ఆయన చేసినవాటిల్లో నేను నేనుగా ఉన్నది ఇదొక్కటే. అందుకని చిన్న అచ్చులు చేయించుకున్నాను. తప్పా?"

తప్పేం లేదు. కానీ ఆ పెట్టెల నిండా కళ్ళు మూసుకున్న ఆ ముఖాన్నీ, ఎదురుగా ఎర్రబడ్డ కళ్ళతో నిలబడ్డ ఈ ముఖాన్నీ మార్చి మార్చి చూస్తుంటే మంజులతకు వెన్ను జలదరించింది. దానికితోడు మూలన ఆ గ్రైండరొకటి, ఊపిరి తీసుకుంటున్న మనిషిలా.

"వందన ట్రే ఏది?"

శారదాదేవి చూపించింది. ఐదు అచ్చులు అద్దంలా మెరుస్తున్నాయి. ఆరోదాన్ని మంజులత లైటు కిందికి తెచ్చి చూసింది. అందులో ఒక కన్నూ, సగం పెదవీ అచ్చుకు అంటుకుపోయి ఉన్నాయి. చాక్లెట్ రంగులో లేవు. బూడిద పట్టి, నీళ్ళలో నానిన చర్మంలా ఉన్నాయి.

"ఇదేందమ్మా? గిదొక్కటి గిట్లెందుకున్నది?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. చూసి ముఖం చిట్లించింది. "పదును తప్పిందండీ. కరిగిన చాక్లెట్‌ని పాలరాతి బండ మీద పోసి, తిప్పి తిప్పి చల్లార్చి, మళ్ళీ వెచ్చబెట్టాలి. అప్పుడు పదునుకొస్తుంది. పదునొచ్చిన చాక్లెట్ గడ్డకడితే తనంతట తనే అచ్చును వదిలేస్తుంది. ఊరికే కరిగించి పోస్తే అచ్చును పట్టుకుని వదలదు. తెల్లారేసరికి ఇలా బూడిద కూడా పడుతుంది. నిన్న నేను పోయించినప్పుడు ఆరూ బావున్నాయే!"

"అంటే ఎవరో తర్వాత ఈ ఒక్కదాన్ని పైకి తీసి, కరిగించి, గన్నేరు కలిపి మళ్ల పోసిండ్రు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ మేడమ్?"

గుమ్మంలో సీఐ ప్రేమ్‌చంద్. గుంటూరు మనిషి, ఇస్త్రీ మడత చెక్కుచెదరని మనిషి, మంజులత పేరు చెబితే పళ్ళు నూరే మనిషి. ఇంతకుముందు ఒక కేసులో ఆయన పట్టుకున్నవాడు దొంగ కాడని ఈవిడ నిరూపించింది. అది ఆయన మర్చిపోలేదు. ఈవిడ మర్చిపోనివ్వలేదు కూడా.

"పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు, సాఫ్ట్‌వేర్ పిల్లల సర్టిఫికెట్లు నిజమో దొంగవో చూసుకోవడాలు, అవి మీ పనులు. హత్యాయత్నం కేసు మాది. అచ్చులు ముట్టుకున్నారంటే సాక్ష్యం చెరిపారని రాస్తా."

"రాసుకోండ్రి సార్. కానీ ముందు ఒక్క ముచ్చట చెప్పుండ్రి. ఇరవై ఏండ్లసంది చాక్లెట్ చేస్తున్న ఆమె, ఇంత చెత్తగ పదును తప్పిస్తదా? వంటమనిషిని సంకటి మాడ్చమంటే చేయి వస్తదా సార్?"

"కావాలని చేసిందేమో! తెలివైన ముసలావిడ. చెట్టు ఈవిడది, ఇల్లు ఈవిడది, గిన్నె ఈవిడది."

"మరి ఎందుకు చంపాలె?"

"అది స్టేషన్లో కూచోబెడితే తనే చెబుద్ది." సీఐ నవ్వాడు. శారదాదేవి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. అది చూసి మంజులతకు ఒళ్ళు మండిపోయింది.

"దొరికినోడే దొంగ అన్నట్టుంది మీ కథ. ఆ పిల్ల తల్లి వచ్చిందట గదా బెంగుళూరు నుంచి? ఆమె ఏమన్నది?"

"భూలక్ష్మి ఆవిడ పేరు. ఏమంటుందండీ పాపం, ఒకటే ఏడుపు. చాక్లెట్లో విషం సంగతి ఆవిడకింకా చెప్పలేదు. 'అరవింద్ పోయిండు, ఇప్పుడిది గూడ పోతదా సారూ' అని నా చేతులు పట్టుకుంది."

మంజులత తలెత్తింది. "అరవింద్ ఎవరు?"

"కొడుకట. ఎర్రగడ్డలో ఉన్నప్పుడు బండి యాక్సిడెంట్లో పోయాడట. ఆ తర్వాతే తల్లీకూతుళ్ళు ఊరొదిలేశారు. అంతే."

"క్లాసులో ఇంకో పిల్లగాడున్నడని ఈమె ఫోన్ల చెప్పింది. ఆయన పేరు కూడా అరవిందే."

"ఆ పేరు గలవాళ్ళు ఈ ఊళ్ళో లారీ లోడు దొరుకుతారు. మేడమ్, మీకు కథలు ఎక్కువయ్యాయి." సీఐ గుమ్మం వైపు తిరిగి కేకేశాడు. "ఆ క్లాసువాళ్ళిద్దర్నీ రమ్మనండి! ఎవరెక్కడ నిలబడ్డారో చూపించి వెళ్ళిపోతారు."

ఇద్దరు వచ్చారు. జెరూష, భీమవరం పిల్ల, చెన్నైలో డబ్బింగ్ చెబుతుంది, ఒక సినిమా పని ఉండి ఫిల్మ్‌నగర్ స్టూడియోకు వచ్చింది. అరవింద్, పూనాలో సాఫ్ట్‌వేర్, ఇంకో నెలలో కంపెనీవాళ్ళే జర్మనీ పంపుతున్నారట. సన్నగా, తెల్లగా, మర్యాదగా ఉన్నాడు. ముగ్గురూ ఒకే గెస్ట్‌హౌస్‌లో దిగినవాళ్ళే.

"నిన్న అచ్చుల్లో పోసినంక ఏమైంది?" మంజులత జెరూషను అడిగింది.

"గడ్డకట్టడానికి టైం పడుతుందని మేడమ్ గారు మాకు వరండాలో భోజనం పెట్టారండీ. పులిహోర. వందన వాళ్ళమ్మతో ఫోన్ మాట్లాడుతూ గేటు దగ్గరుంది. అరవింద్ గారు చేతులు కడుక్కొస్తానని వెనకబడ్డారు."

"మీరు కూడా బ్యాగ్ కోసం లోపలికొచ్చారు కదండీ," అన్నాడు అరవింద్, నెమ్మదిగా.

"వచ్చాను. మీరు లోపలే ఉన్నారు."

"మాస్కులు చూస్తున్నా." అతను గోడలవైపు చూపించాడు. "ఇలాంటివి మళ్ళీ ఎక్కడ చూస్తాం?"

"వందనను మీరు ఇంతకుముందు చూసిండ్రా బాబూ?"

"లేదు మేడమ్. శనివారమే ఫస్ట్ టైం. నేను పుట్టింది, పెరిగింది అంతా పూనా. నా తెలుగు కూడా సినిమాలు చూసి నేర్చుకున్నదే."

జెరూష ఏదో అనబోయి ఆగింది. మంజులత కనిపెట్టింది. "ఏందమ్మా? నోటికొచ్చిన మాట మింగకు."

"ఏం లేదండీ. శనివారం మేమందరం పేరు రాసిన కాగితాలు చొక్కాకు పెట్టుకున్నాం. వందన ఈయన ముందు నిలబడి ఆ కాగితం చదివి, ఒక మాట అంది. ఏదో సరదాకి అందనుకున్నా. నాకు గొంతులు గుర్తుంటాయండీ, అది నా వృత్తి. ఆ గొంతులో సరదా లేదు. రాత్రంతా చెవిలో తిరుగుతూనే ఉంది."

"ఏమన్నది?"

జెరూష కళ్ళు మూసుకుంది. పెదవులు తడుపుకుంది. ఆమె నోట్లోంచి వచ్చిన గొంతు ఆమెది కాదు. చిన్నది, బొంగురుది, ఏడుపు అంచున ఆగిన గొంతు.

"నీకా పేరు ఎవరిచ్చిండ్రు?"

శారదాదేవి కెవ్వుమంది. అదే గొంతు! ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్న పిల్ల, ఈ ముఖాల మధ్య నిలబడి మాట్లాడినట్టే ఉంది. సీఐ కూడా చటుక్కున టోపీ సర్దుకున్నాడు. అరవింద్ ముఖంలో రంగు మారలేదు. మారకపోవడమే మంజులతకు నచ్చలేదు. అంత మంది ఉలిక్కిపడ్డ చోట ఒక్కడు ఉలిక్కిపడలేదంటే, వాడు ఆ మాట ముందే ఎన్నోసార్లు విని ఉండాలి.

"మీనింగ్ ఏంటో నాకూ తెలీలేదు," అన్నాడు అతను. "జోక్ అనుకున్నా."

"సార్," మంజులత సీఐ వైపు తిరిగింది. "ఆ పిల్ల చున్నీ మీ దగ్గర్నే ఉన్నదట. ఒక్కసారి చూపించుండ్రి."

"ఏముంటుందండీ చున్నీలో? చాక్లెట్ తిని మూతి తుడుచుకుంది."

"చూపించుండ్రి. తప్పైతే నేనే మీ స్టేషన్ గేటు ముందు చెవులు పట్టుకుని గుంజీలు తీస్త."

ఆ ఆశే ఆయన చేతిలో ఉన్న సాక్ష్యాల కవరు తెరిపించింది. తెల్లటి చున్నీ. ఒక కొసన చాక్లెట్ మరక. మంజులత చేత్తో ముట్టకుండా, లైటుకెదురుగా పట్టించి, వంగి చూసింది. మూతి తుడుచుకున్న మరక అలికినట్టుంటుంది. ఇది అలా లేదు. బట్ట మడత పెట్టినట్టు అటొకటి, ఇటొకటి, రెండు మరకలు. రెండింటి మధ్యా వంపు తిరిగి సన్నటి నొక్కులు. పళ్ళ నొక్కులు.

మంజులత నిటారుగా నిలబడింది. తను చిన్నప్పుడు బడి అరుగు మీద ఎన్నిసార్లు చేసిందో ఈ పని! ఒక్క బిళ్ళ ఉంటుంది, తినే నోళ్ళు రెండుంటాయి. నోటితో కొరికి ఇస్తే ఎంగిలి. అందుకని లంగా కొసలోనో చొక్కా కొసలోనో చుట్టి, బట్ట మీదనుంచి పటుక్కున కొరికితే రెండు ముక్కలు. ఉమ్మి తగల్లేదు కాబట్టి అది ఎంగిలి కాదు, కాకెంగిలి.

హ్యాండ్‌బ్యాగులో చేయి పెట్టి ఒక నిమ్మబిళ్ళ తీసింది.

"పొద్దుట్నుంచి మిమ్మల్ని తిప్పలు పెడుతున్నం. గొంతులెండిపోయినట్టున్నయి. నా దగ్గర ఒక్కటే ఉన్నది, ఇద్దరు చెరి సగం పంచుకోండ్రి." బిళ్ళ అరవింద్ అరచేతిలో పెట్టింది. పెట్టి, ఊపిరాడనివ్వకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది. "పూనాల మీ ఇల్లు ఎక్కడ బాబూ? కాలేజీ ఏది? నాన్న ఏం జేస్తడు?"

"కోత్రూడ్ అండీ. నాన్న రైల్వేస్." అతను కాగితం విప్పుతూ జవాబు చెబుతున్నాడు. చాకులన్నీ పోలీసులు పట్టుకుపోయారు, బల్ల మీద కోసే వస్తువేదీ లేదు. "కాలేజీ కూడా అక్కడే, స్టేషన్ దగ్గర..."

నోరు పూనా గురించి చెబుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎడంచేయి టీషర్టు కొసను లాగింది. కుడిచేయి బిళ్ళను అందులో పెట్టి మడిచింది. ఆ మడత నోటి దాకా వెళ్ళింది.

అక్కడ ఆగిపోయింది.

గ్రైండర్ తిరుగుతూనే ఉంది. జెరూషకు కూడా ఏదో అర్థమైనట్టుంది, రెండడుగులు పక్కకు జరిగింది.

"కొరుకు బిడ్డా, ఆగినవెందుకు?" అంది మంజులత. "కాకెంగిలి చేసుడు మస్తుగ వచ్చు నీకు. ఏ సినిమాల నేర్చుకున్నవు?"

"ఏంటండీ ఇది?" సీఐ ముందుకొచ్చాడు.

"సార్, ఆ చున్నీ మీదున్నవి పళ్ళ గాట్లు. వందన చాక్లెట్టును చున్నీల పెట్టి కొరికి, సగం తను తిని, సగం ఇంకొకలకు ఇచ్చింది. అందుకే సగం విషమే లోపటికి పోయింది. బల్ల మీద నిన్న ఇన్ని చాకులున్నయి గదా? కొత్తగ పరిచయమైనోళ్ళకైతే చాకుతో కోసి ఇస్తది. చున్నీతో కొరికి ఇచ్చిందంటే, చిన్నప్పటిసంది అట్ల పంచుకున్నోళ్ళకే ఇచ్చింది. ఇచ్చిన సగం తిన్నోడు ఆస్పత్రిల ఉండాలె. లేకపోతే తినకుండ దాచుకున్నోడు ఇక్కడ ఉండాలె. అది విషమని వానికే ఎరుక."

పాపం సీఐకూ చిన్నతనం ఉండే ఉంటుంది. చున్నీ వైపూ, నలిగిన టీషర్టు కొస వైపూ చూశాడు. "ఓరి నీ..." అని మాత్రం అనగలిగాడు.

"నా పని సర్టిఫికెట్లు చూసుడే గద సార్, మీరే అంటిరి. ఈ రోజుల్ల చచ్చిపోయినోళ్ళ సర్టిఫికెట్ల మీద ఉద్యోగాలు చేస్తున్నోళ్ళను నేను చూసిన. వందన వాళ్ళ అన్న పేరు అరవింద్. ఆయన పోయిండు. ఆయన కాగితాలు మాత్రం పూనాల ఉద్యోగం చేస్తున్నయి, జర్మనీ గూడ పోతున్నయి. శనివారం చెల్లె ఎదురుపడి పేరు చదివింది." మంజులత అతని కళ్ళలోకి చూసింది. "నిన్ను పట్టియ్యలే ఆ పిల్ల. అరవలే. తెల్లారి తన చాక్లెట్టుల సగం నీకే ఇచ్చింది. అంటే క్షమించినట్టే గదరా? అన్న దోస్తువని, ఇంట్ల తిని పెరిగినోనివని! నీకు చేతులెట్ల వచ్చినయిరా?"

ఆ మాటల్లో ఉన్నది కోపమో దుఃఖమో ఆమెకే తెలియలేదు.

అతను బిళ్ళను బల్ల మీద పెట్టాడు. టీషర్టు కొస నింపాదిగా సవరించుకున్నాడు. మళ్ళీ నోరు తెరిచేసరికి ఆ సినిమా తెలుగు లేదు, పూనా లేదు. ఎర్రగడ్డ గల్లీ గొంతు బయటికొచ్చింది.

"పోసినప్పుడు గట్టిపడదేమో అని భయపడ్డ. గట్టిపడ్డది గని ముక్కయింది. ముక్కయిందాన్ని డబ్బాల పెట్టలేం గద అని నవ్వుకుంట కొరికింది. నాకు సగమిచ్చింది. నేనెట్ల తింట?" అన్నాడు. "నా పేరు తిరుమలేశ్. హాస్టల్ల పెరిగిన. నాకు ఎవ్వరు లేరు. నన్ను ఆ పేరుతోని పిలిచెటోళ్ళు ఈ లోకంల ఇద్దరే మిగిలిండ్రు."

సీఐ అతని చేయి పట్టుకున్నాడు. అతను విడిపించుకోలేదు.

ఇద్దరు. మంజులతకు ఆ మాట దగ్గరే కాలు తట్టుకుంది. ఒకరు వందన. మరి రెండోవాళ్ళు? "ఆ సగం ఏదిరా? ఎక్కడ పెట్టినవ్?"

"పొద్దుగాల దవాఖానకు పోయిన," అన్నాడు తిరుమలేశ్. "ఆంటీ నన్ను చూడంగనే గుర్తుపట్టింది. తిరుమలేశూ, ఎన్నేండ్లయింది బిడ్డా అని నా తల మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. వందన చేసింది ఆంటీ, సగం నీకోసమని దాచింది అని చెప్పి చేతుల పెట్టిన."

శారదాదేవి గోడకు చేరగిలబడిపోయింది.

"తిన్నదా?" మంజులత అతని టీషర్టు పట్టుకుని ఊపేసింది. "తిన్నదా చెప్పు!"

"నా ముందట తినలే. కండ్లకద్దుకుని, కాయితంల చుట్టి, కొంగున ముడేసుకున్నది. నా బిడ్డ కండ్లు తెరిచిన్నాడే నోట్లె పెట్టుకుంట, అప్పటిదాంక పచ్చి మంచినీళ్ళు గూడ ముట్ట అన్నది." అతను కాస్త ఆలోచించి అన్నాడు. "వందన కండ్లు తెరవదనుకున్న నేను."

అప్పుడు మోగింది సీఐ జేబులో ఫోన్.

ఆయన ఒక చేత్తో తిరుమలేశ్‌ను పట్టుకునే, రెండో చేత్తో ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఒక్క క్షణంలో ఆ కటువైన ముఖం విప్పారింది. ఆయన మనసారా నవ్వడం మంజులత చూడటం అదే మొదలు.

"తెరిచిందా? నిజంగానా? దేవుడు చల్లగా చూశాడయ్యా!" ఫోన్ కిందికి దించి అరిచాడు. "పిల్ల కళ్ళు తెరిచిందండీ! అమ్మా అని పిలిచిందట!"

జెరూష రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. శారదాదేవి దణ్ణం పెట్టబోయి, చేతులు సగంలోనే ఆపేసింది.

మంజులత ఒక్క ఉదుటున సీఐ చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఎవరు మాట్లాడేది? కానిస్టేబులా? ఆ తల్లి ఏడుంది? భూలక్ష్మి ఏం జేస్తున్నది చెప్పు!"

"ఇక్కడే ఉందండీ, కూతురి మంచం పక్కన," అవతల కానిస్టేబుల్ గొంతు సంబరంగా వినిపించింది. "ఒకటే ఏడవడం, ఒకటే నవ్వడం. మమ్మల్ని కూడా ఏడిపించేసింది మహాతల్లి. కొంగు ముడి విప్పుకుంటోందండీ."